పొంగూ నురగా: పంక్ ఐపీఏ రెసిపీలో కంపెనీ ఏం దాచింది?

బీరు ఫ్యాక్టరీ ల్యాబ్‌లో కెమిస్టుగా పనిచేసి రిటైరై, ఇప్పుడు పర్లాకిమిడిలో స్థిరపడిన మా శీర్షిక రచయిత్రి ఈ నెల ఉత్తరాలకు ఇస్తున్న జవాబులు.

ప్రశ్న: మేడమ్, మా అబ్బాయి ఇంగ్లండ్‌లో, లీడ్స్‌లో ఉంటాడు. కిందటేడు వాడి దగ్గరికి వెళ్తే బ్రూడాగ్ అనే బీరు కంపెనీవాళ్ల పంక్ ఐపీఏ (ఇండియా పేల్ ఏల్ అనే రకం బీరు) తాగించాడు. నేను ఇక్కడ ఎప్పుడైనా తాగే లాగర్‌కీ దానికీ పోలికే లేదు. మొదట చేదనిపించింది, రెండో గుక్కకి పంపరపనస తొక్క వాసన పట్టేసింది. "నాన్నా, ఇది ఇంట్లోనే చేసుకోవచ్చు, కంపెనీయే రెసిపీ ఇచ్చింది" అని వాడు మొదలుపెట్టాడు. మాల్టు (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ), హాప్స్ (బీరుకి చేదూ వాసనా ఇచ్చే తీగ పూలు), ఈస్టు అన్నీ రెసిపీ ప్రకారమే కొన్నాడు. వారం రోజులు బకెట్‌లో పులిసింది. బుడగలు ఆగాక మగ్గుతో ఇంకో బకెట్‌లోకి వంపి, మిగతా హాప్స్‌ని పల్చటి గుడ్డలో మూటకట్టి అందులో వేశాడు. నాలుగు రోజులయ్యాక పంచదార కలిపి సీసాల్లో పోశాడు. మొదట్లో బాగానే ఉంది. నేను తిరుగు ప్రయాణం అయ్యే వేళకి డికాషన్ రంగుకి తిరిగింది. ఆ పరిమళం పోయి తడిసిన అట్టపెట్టె వాసన. ఒక సీసా మూత తీస్తే సగం బీరు నురగై గోడ మీదికి పోయింది. కంపెనీవాళ్లు రెసిపీలో ఏదో ముక్క దాచారని నా అనుమానం. మే నెలలో మళ్లీ వెళ్తున్నాను. ఈసారి ఏం చేయమంటారు?
– రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, బరంపురం

జవాబు: కంపెనీ ఏమీ దాచలేదు సార్. దొంగ మీ ఉత్తరంలోనే పట్టుబడ్డాడు. "మగ్గుతో ఇంకో బకెట్‌లోకి వంపి" అని రాశారు చూడండి, అక్కడ. ఆ మగ్గు దగ్గరికి వెళ్లేముందు ఒక సంగతి తేల్చుకుందాం. మీ అబ్బాయి ఏ పంక్‌ని కాపీ కొడుతున్నాడు?

సరదాకి అడగట్లేదు. పంక్ ఐపీఏ 2007లో స్కాట్లండ్‌లో పుట్టినప్పుడు అందులో ఆల్కహాల్ 6 శాతం. 2010లో కంపెనీయే దాన్ని మార్చి 5.6కి తెచ్చింది, హాప్స్ జాబితా కూడా మార్చింది. 2016లో బ్రూడాగ్ తన రెసిపీలన్నీ ఉచితంగా బయటపెట్టినప్పుడు ఈ రెండు పంక్‌లనూ వేరువేరుగా ఇచ్చింది. ఆ తర్వాత ఆల్కహాల్ ఇంకా తగ్గింది. అంటే మీవాడు ఒక పంక్ రెసిపీని ఎదురుగా పెట్టుకుని, ఇంకో పంక్ రుచి నాలుక మీద ఉంచుకుని పోల్చుకుంటూ ఉండొచ్చు. పైగా మీరు తాగిన డబ్బా ఫ్యాక్టరీ దాటి ఎన్నాళ్లయిందో ఎవరు చూశారు? విస్కీలా దాచుకునే సరుకు కాదిది. హాప్స్ పరిమళం మొదటి నెలల్లోనే దిగజారుతుంది. కాబట్టి నకలు తీసే ముందు అసలు ఏదో ఖాయం చేసుకోవాలి. డబ్బా అడుగున తేదీ చూసి, షాపులో ఉన్నవాటిలో అన్నిటికంటే కొత్తది కొని ఫ్రిజ్‌లో పెట్టమనండి. మీ కొలబద్ద అదే.

రెసిపీ విషయానికొస్తే అందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. 20 లీటర్ల బీరుకి నాలుగు కిలోల పైచిలుకు లేత రంగు మారిస్ ఆటర్ మాల్టు, ఓ పావుకిలో కారామాల్టు. దంచిన మాల్టుని 66 డిగ్రీల వేడినీళ్లలో గంటాపావు నానబెట్టాలి. ఆ వేడిలో మాల్టులోని ఎంజైములు పిండిని చక్కెరగా విరగ్గొడతాయి. 63 దగ్గర ఉంచితే ఈస్టు తినగలిగే చక్కెర ఎక్కువై బీరు పల్చగా, పొడిగా (అంటే తీపి తగలకుండా) వస్తుంది. 69కి పోతే ఈస్టుకి అరగని డెక్స్‌ట్రిన్లు మిగిలి నోట్లో చిక్కగా తగులుతుంది. అందుకే ఇక్కడ నమ్మాల్సింది చేతి అంచనాని కాదు, థర్మామీటర్‌ని. అది సరిగ్గా ఉందో లేదో సలసల మరిగే నీళ్లలో ఒకసారి ముంచి చూసుకోమనండి. రసం సాంద్రత మొదట్లో 1.053 ఉండి, పులిసాక 1.011కి దిగాలి. ఆ రెండిటి తేడాని 131తో గుణిస్తే ఆల్కహాల్ శాతం వస్తుంది, ఐదున్నర చిల్లర. బ్యాంకులో పనిచేసిన మీకు ఈ లెక్క ఒక లెక్కా!

చేదు లెక్క కూడా ఇలాంటిదే. హాప్స్‌లో ఆల్ఫా ఆమ్లాలుంటాయి. అవి మరుగుతూ రూపం మార్చుకుంటేనే బీరులో కరిగి చేదెక్కుతాయి. గంటసేపు మరిగించినా వాటిలో పావువంతు మాత్రమే మనకి దక్కుతుంది. చినూక్ అనే రకంలో ఆల్ఫా 13 శాతం అనుకోండి. 20 గ్రాములు వేస్తే 2,600 మిల్లీగ్రాముల ఆల్ఫా. అందులో పావువంతు 650. దాన్ని 20 లీటర్లకు పంచితే లీటరుకు 32 పైచిలుకు, అంటే 32 చేదు యూనిట్లు. ఆల్ఫా శాతం ప్యాకెట్ మీద రాసి ఉంటుంది, పంట పంటకీ మారుతుంది. రెసిపీలో 20 గ్రాములని ఉంది కదా అని కళ్లు మూసుకుని వేస్తే, ఈ ఏడు ప్యాకెట్‌లో 11 శాతమే ఉంటే చేదు తగ్గిపోతుంది. నకలు తీసేవాళ్లు గ్రాములను కాకుండా యూనిట్లను కాపీ కొట్టాలనేది ఇందుకే.

మీకు పట్టేసిన ఆ పంపరపనస వాసన మాత్రం గంటసేపు మరిగిన హాప్స్‌ది కాదు. ఆ నూనెలు ఆవిరైపోతాయి. చారు దించేటప్పుడు కొత్తిమీర వేసినట్టు, పొయ్యి కట్టేసే వేళకి చినూక్, అటానమ్, సిమ్కో, కాస్కేడ్, నెల్సన్ సావిన్ పడాలి. పులియడం అయిపోయాక చల్లటి బీరులో కాచకుండానే మళ్లీ ఇవే, ఇంకాస్త అమరిల్లోతో కలిపి పడాలి. ఈ రెండో విడతలో పడేవే కాచేటప్పుడు వేసినవాటన్నిటికంటే ఎక్కువ తూగుతాయి. దబ్బ, పంపరపనస, దేవదారు జిగురు వాసన అమెరికా రకాలది. తెల్ల ద్రాక్ష వాసన ఉందే, అది న్యూజిలాండ్ నెల్సన్ సావిన్ ఇచ్చేది. దాని బదులు ఇంకోటి వేస్తే మంచి బీరు రావచ్చు గానీ పంక్ రాదు. అటానమ్ దొరక్కపోతే కంగారు పడక్కర్లేదు, కాస్కేడ్‌తో సర్దుకోవచ్చు. ప్యాకెట్‌లో గాలి లేకుండా మూసి, డీప్‌ఫ్రీజర్‌లో ఉంచిన హాప్సే కొనమనండి. నలిపి చూస్తే చీజ్ వాసన కొడితే అవి పోయినట్టే.

ఇక మగ్గు.

బీరు తయారీలో ఆక్సిజన్‌కి ఒక్కసారే స్వాగతం. ఈస్టు చల్లడానికి ముందు, చల్లారిన రసాన్ని బాగా చిలకాలి. ఈస్టు తన కణాల పొర కట్టుకోడానికి ఆ ఆక్సిజన్ వాడుకుంటుంది. పొడి ఈస్టు ప్యాకెట్ అయితే తయారీలోనే ఆ బలం ఎక్కించి ఇస్తారు కాబట్టి అది కూడా పెద్ద పట్టింపు కాదు. ఈస్టు పని మొదలెట్టాక మాత్రం ఆక్సిజన్‌కి గుమ్మం బయటే చోటు. నేను పనిచేసిన ల్యాబ్‌లో నింపిన సీసాకి సూది గుచ్చి అందులో కరిగిన ఆక్సిజన్ కొలిచేవాళ్లం. లీటరుకి 50 మైక్రోగ్రాములు దాటితే ఫిల్లింగ్ లైన్ ఆపమని ఫోన్ చేసేదాన్ని. ప్రొడక్షన్ మేనేజర్లు నన్ను చూస్తే మొహం తిప్పుకునేది అందుకే. ఇప్పుడు మీ మగ్గు సంగతి చూడండి. 20 డిగ్రీల దగ్గర గాలి తగిలిన నీళ్లు లీటరుకి దాదాపు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలవు, అంటే 9,000 మైక్రోగ్రాములు. మగ్గులో ముంచి, ఎత్తి, జలపాతంలా పోస్తే అంతా కాకపోయినా అందులో మంచి వాటా లోపలికి పోయే ఉంటుంది. ఇంత హాప్స్ ఉన్న బీరుకి అది విషం. హాప్స్‌తో వచ్చిన పాలీఫినాల్స్ ఆక్సిజన్‌తో కలిసి రంగు ముదురుతాయి. పరిమళం చచ్చిపోతుంది. నోనెనాల్ అనే పదార్థం బయటపడితే అదే మీరు చెప్పిన తడి అట్టపెట్టె వాసన. ల్యాబ్‌లో కొత్తవాళ్లకి ముక్కు శిక్షణ ఇచ్చేటప్పుడు మేము మొదట పట్టుకోమనే వాసన కూడా అదే. మీరు ఏ శిక్షణా లేకుండా పట్టేశారు, మీ ముక్కుకి దండం.

అసలు రెండో బకెట్ ఎందుకు? పాత పుస్తకాల్లో ఈస్టు మడ్డి మీద బీరు ఉంచకూడదని రాసేవారు. రెండు మూడు వారాలకి ఏమీ కాదు. ఒకే బకెట్, మూత తీయడం వీలైనంత తక్కువ. అడుగున కుళాయి ఉన్న బకెట్ అయితే ఇంకా మంచిది.

నురగ గోడకి కొట్టిన కథ వేరు. పంచదార ఎక్కువైందనో, సీసా సరిగ్గా కడగలేదనో అనుకుని ఉంటారు. అవీ కారణాలు కావచ్చు. కానీ ఈ రకం బీరులో నా మొదటి అనుమానం హాప్స్ మీదే. హాప్స్‌లో కొద్దిగా ఎంజైములుంటాయి. మరిగిస్తే చచ్చిపోతాయి, చల్లటి బీరులో వేస్తే బతికే ఉంటాయి. ఈస్టుకి అరగక మిగిలిపోయిన డెక్స్‌ట్రిన్లని అవి మెల్లగా చక్కెరగా విరగ్గొడతాయి. పడుకున్న ఈస్టు లేచి మళ్లీ తినడం మొదలెడుతుంది. బకెట్‌లో ఉండగా జరిగితే గ్యాసు బయటికి పోతుంది. సీసాలో జరిగితే మూతే పోతుంది. ఇదేదో ఈమధ్య కనిపెట్టింది కాదు, 1893లోనే బ్రౌన్, మోరిస్ అనే ఇద్దరు ఇంగ్లీషు రసాయనవేత్తలు పొడి హాప్స్‌లో పిండిని విరగ్గొట్టే గుణం ఉందని ప్రచురించారు. తర్వాత లోకం మరిచిపోయి, హాప్స్ గుప్పిళ్లతో వేసే కాలం వచ్చాక మళ్లీ తల బాదుకుంది. దీనికి మందు ఓపిక ఒక్కటే. హాప్స్ వేసిన మూడో రోజు సాంద్రత కొలవాలి, రెండు రోజులాగి మళ్లీ కొలవాలి. అంకె కదలకపోతేనే సీసాలు కడగండి. బుడగలు ఆగడం గుర్తు కాదు. ఈసారి వెళ్లాక పాత సీసాలేవైనా మిగిలి ఉంటే ఫ్రిజ్‌లో పెట్టి బాగా చల్లబడ్డాక, తువ్వాలు చుట్టి, మొహం దూరంగా పెట్టి తీయమనండి. గాజు పగిలితే మామూలు దెబ్బ కాదు.

కొలతతో పాటు ముక్కు పరీక్ష ఒకటుంది. చిన్న గ్లాసు బీరుని మూతపెట్టి 60 డిగ్రీల వేడినీళ్ల గిన్నెలో అరగంట ఉంచి, చల్లార్చి, పక్కన మామూలు బీరు పెట్టుకుని వాసన చూడండి. వేడి చేసినదాంట్లో వెన్న వాసన వస్తే ఈస్టు పని పూర్తికాలేదని అర్థం. ఇంకో రెండు మూడు రోజులు ఆగాలి. ఫ్యాక్టరీల్లో కూడా ట్యాంకు చల్లబరిచే ముందు ఇదే చేస్తారు.

మే నెల కార్యక్రమం ఇలా పెట్టుకోండి. అమెరికన్ ఏల్ ఈస్టు, యూఎస్-05 అని దొరికేది, 11.5 గ్రాముల ప్యాకెట్ ఒకటి 20 లీటర్లకు సరిపోతుంది. బీరు 19 డిగ్రీల దగ్గర ఉండాలి. గది కాదు, బీరు. పులిసే జోరులో బకెట్ లోపల గదికంటే రెండు మూడు డిగ్రీలు ఎక్కువే ఉంటుంది. మన బరంపురం మేలో అయితే ఇది ఫ్రిజ్ లేకుండా అసాధ్యం. లీడ్స్‌లో వంటింటి మూల చాలు, మరీ వేడెక్కితే నీళ్ల టబ్బులో కూర్చోబెట్టండి. సాంద్రత నిలిచాక 15 దాకా చల్లబడనిచ్చి, మూత కొద్దిగా ఎత్తి హాప్స్ గుళికల్ని వదులుగానే వేసేయండి. గుడ్డ మూట వద్దు. మూటలో లోపలి గుళికలకి బీరు తగలదు, గుడ్డ పోగుల్లో గాలి ఉంటుంది. మూడు నాలుగు రోజులు చాలు. వారాలు ఉంచితే గడ్డి వాసన ఎక్కుతుంది. ఆ తర్వాత గట్టిగా చల్లబరిచి మడ్డి దించాలని మీవాడికి ఉబలాటంగా ఉంటుంది. జాగ్రత్త, చల్లబడితే బకెట్‌లోని గ్యాసు ముడుచుకుని ఎయిర్‌లాక్ (పులిసే గ్యాసుని బయటికి వదిలే మూత) గుండా బయటి గాలిని లోపలికి పీల్చుకుంటుంది. ఎంత శ్రమపడి దూరం పెట్టామో ఆ ఆక్సిజనే దొడ్డిదారిన వస్తుంది. ఇంట్లో కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ లేకపోతే చల్లబరచడం మానేసి, కాస్త మసకగా ఉన్నా ఒప్పుకోండి.

సీసాల్లో నింపేటప్పుడు కుళాయికి గొట్టం తగిలించి, సీసా అడుగునుంచి నింపుతూ పైకి రావాలి. మొత్తం బకెట్‌లో పంచదార కలిపి తిప్పడం వద్దు, అదీ గాలే. అర లీటరు సీసాకి 3 గ్రాముల పంచదార ముందే వేసి ఉంచండి, 40 సీసాలకి 120 గ్రాములు. నురగ మూతి దాకా పొంగినప్పుడే ఆ నురగ మీదే మూత బిగించాలి, అప్పుడు మెడలో గాలి మిగలదు. గోధుమరంగు సీసాలే వాడండి. తెల్ల సీసాలో బీరుకి ఎండ తగిలితే హాప్స్ చేదు పదార్థాలు విరిగి స్కంక్ అనే అమెరికా జంతువు వదిలే కంపు లాంటిదొకటి పుడుతుంది, కొద్ది నిమిషాల ఎండ చాలు. రెండు వారాలు 20 డిగ్రీల గదిలో, ఆపైన ఫ్రిజ్‌లో. నెలా నెలన్నరలో తాగేయండి.

నీళ్ల సంగతి మరిచాను. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటే మాల్టుతో కలిసి ఆసుపత్రి డెట్టాల్ వాసన ఇస్తుంది. బ్రూయింగ్ సామాన్ల షాపులో క్యాంప్‌డెన్ బిళ్లలు దొరుకుతాయి, 20 లీటర్లకు అర బిళ్ల సరిపోతుంది. అక్కడి నీళ్ల కంపెనీ తన నీళ్ల రిపోర్టు ఎవరడిగినా ఇస్తుంది. అందులో సల్ఫేట్ తక్కువగా ఉంటే ఒక చెంచాడు జిప్సం. చేదు పదునుగా, పొడిగా తగలడానికి సల్ఫేట్ కావాలి.

చివరగా మీ వంతు పని. వాడి బీరు, ఫ్రిజ్‌లోని కొత్త పంక్ ఒకే చల్లదనంలో ఉంచి, మూడు ఒకేలాంటి గ్లాసుల్లో పోయమనండి. రెండిటిలో ఒకటి, మూడోదాంట్లో ఇంకోటి. ఏది దేంట్లో పోశాడో మీకు తెలియకూడదు. వేరుగా ఉన్న గ్లాసు ఏదో మీరు చెప్పాలి. "ఏది బాగుంది" అని అడిగితే కొడుకు చేసిందే బాగుందంటారు తండ్రులు, ఆ ప్రశ్న పనికిరాదు. ఇలా వరుసగా కొన్నిసార్లు చేసినా వేరు గ్లాసు దొరక్కపోతే, వాడు నకలు తీసినట్టే.

ప్రశ్న: ఓడ ప్రయాణంలో బీరు చెడిపోతుంటే, ఇండియాలోని తెల్లవాళ్ల కోసం హాప్స్ ఎక్కువ వేసి ఐపీఏ కనిపెట్టారంటారు. నిజమేనా? మన గంజాం కూడా అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీయే కదా!
– డిగ్రీ విద్యార్థి, గోపాల్‌పూర్

జవాబు: అవును, గంజాం 1936లో ఒడిశా ఏర్పడేదాకా మద్రాసుదే. కానీ "కనిపెట్టారు" అన్నదే సగం కట్టుకథ. వేడి దేశాలకి పంపే బీరులో హాప్స్ ఎక్కువ వేయాలని ఇంగ్లండ్ బీరు కాచేవాళ్లకి 1760ల నాటికే తెలుసు. నల్లటి పోర్టర్ బీరు కూడా ఇండియాకి ఓడల్లో వచ్చింది, బాగానే నిలిచింది, సిపాయిలు బాగానే తాగారు. లండన్‌లో బో అనే చోట హాడ్జ్‌సన్ అనే ఆయన బ్రూవరీ ఉండేది. ఈస్టిండియా కంపెనీ ఓడలు లంగరేసే చోటికి అది దగ్గర. ఓడ కెప్టెన్లకి ఏడాదిన్నర దాకా అప్పిచ్చేవాడు. అతని బీరు ఇండియాలో పాతుకుపోవడానికి హాప్స్ కన్నా ఆ అప్పు ఎక్కువ పనిచేసిందని నా అభిప్రాయం. అతను మార్కెట్‌ని గుప్పిట్లో పెట్టుకోబోయేసరికి 1820ల మొదట్లో బర్టన్ ఊరి ఆల్‌సాప్ రంగంలోకి దిగాడు. బర్టన్ బావి నీళ్లలో జిప్సం ఎక్కువ, పైన బ్యాంకు సార్‌కి చెప్పిన సల్ఫేట్ అదే. లేత రంగు, పదునైన చేదు ఆ నీళ్లకి కుదిరాయి.

ఒక్క మాట గుర్తుపెట్టుకో బాబూ. ఇవాళ్టి ఐపీఏలో వచ్చే పంపరపనస వాసన ఆ పాత పీపాల్లో లేదు. అవి ఇంగ్లీషు హాప్స్. కాస్కేడ్ అనే అమెరికా రకం మార్కెట్‌లోకి వచ్చిందే 1972లో. ఇప్పటి ఐపీఏ ముక్కు అమెరికాది, పేరు మాత్రం మనది.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో హాప్స్, ఈస్టు దొరుకుతున్నాయి. గుణుపూర్‌లో మా మేడ మీద చిన్నగా 5 లీటర్లు చేసుకుంటే ఎవరికి నష్టం?
– పేరు వద్దు, గుణుపూర్

జవాబు: పేరు వద్దన్నారంటేనే జవాబు మీకు తెలుసు. ఒడిశా ఎక్సైజ్ చట్టం కింద లైసెన్సు లేకుండా బీరు తయారుచేయడం నేరం, 5 లీటర్లయినా సరే. ఈ శీర్షికలో ఇంటి బీరు గురించి నేను రాసేదంతా అది చట్టబద్ధమైన దేశాల్లో ఉన్న మనవాళ్ల కోసమే. ఇంగ్లండ్‌లో 1963 నుంచి ఇంటి అవసరానికి కాచుకోడానికి లైసెన్సు అక్కర్లేదు. హాప్స్ రుచే కావాలంటే మీకొక దారి ఉంది. లీటరు నీళ్లు మరిగించి, 75 డిగ్రీలకి దించి, 3 గ్రాముల కాస్కేడ్ గుళికలు వేసి పావుగంటకి వడకట్టండి. సగం నిమ్మకాయ పిండి, చల్లార్చి, సోడాతో కలుపుకోండి. ఆల్కహాల్ లేదు, కేసు లేదు.

ప్రశ్న: మా వైపు జీలుగు కల్లు గంటల్లో పొంగుతుంది. అంత బలమైన ఈస్టుతో ఐపీఏ పులియబెడితే విదేశీ ప్యాకెట్ల అవసరం ఏముంటుంది? విదేశాల్లో ఉన్న మా బావకి చెప్దామని.
– టీచర్, జయపురం

జవాబు: కల్లుని పొంగించేది ఈస్టు ఒక్కటే కాదు మాస్టారూ. దాంతోపాటు జైమోమోనాస్ అనే బ్యాక్టీరియా, పాలను తోడుపెట్టే జాతి బ్యాక్టీరియా, పొద్దెక్కితే వెనిగర్ చేసే బ్యాక్టీరియా, అందరూ కలిసే పనిచేస్తారు. అందుకే తెల్లారి తియ్యగా ఉన్నది సాయంత్రానికి పుల్లబడుతుంది. హాప్స్ చేదు తోడు జాతిని బాగానే అదుపు చేస్తుంది, జైమోమోనాస్‌ని మాత్రం ఏమీ చేయలేదు. ఇంకో ఇబ్బంది, జీలుగు నీరాలో ఉండేది ఎక్కువగా మామూలు పంచదారే. మాల్టు రసంలో మాల్టోస్, మాల్టోట్రయోస్ ఉంటాయి, ఆ రెండోదాని జోలికి చాలా అడవి ఈస్టులు పోవు. బీరు సగంలో ఆగిపోయి తియ్యగా, పుల్లగా మిగులుతుంది. పుల్ల బీరు ఇష్టమైతే సరదాగా చేసుకోవచ్చు గానీ, కంపెనీ ఐపీఏకి నకలు కావాలంటే మీ బావగారు ప్యాకెట్టే కొనాలి. కొరాపుట్ వైపు చోళ్లతో లందా చేసేవాళ్లకి ఈ సంగతి మనకన్నా బాగా తెలుసు. ఏ గింజకి ఏ పులుపు పదార్థమో వాళ్లు కలగాపులగం చేయరు.

ప్రశ్న: మేడమ్ గారూ, మా అల్లుడు అమెరికాలో సియాటిల్‌లో ఇంట్లోనే బీరు కాస్తున్నాడట. మా అమ్మాయి నవ్వుతూ చెప్తుంది గానీ నాకు ఒకటే టెన్షన్. పోలీసులొస్తే వీసా గతేం కాను? వాళ్లింట్లో కుక్క కూడా ఉంది, వంటింట్లో ఆ మరిగే డేగిసా చుట్టూ తిరుగుతుందట.
– గృహిణి, రాయగడ

జవాబు: పోలీసుల టెన్షన్ తీసేయండమ్మా. అమెరికాలో 1978 చట్టంతో ఇంటి బీరుకి కేంద్ర ప్రభుత్వ అనుమతి వచ్చింది. వయసొచ్చిన మనిషి ఒక్కరే ఉన్న ఇంట్లో ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు ఆపైన ఉంటే 200. రెండొందలంటే 750 లీటర్లకి పైనే, మీ అల్లుడు ఎంత సరదాపడ్డా అంత కాయలేడు. అమ్మకూడదు, అదొక్కటే పెద్ద షరతు. రాష్ట్రాల చట్టాలు వేరుగా ఉంటాయి, అలబామా, మిస్సిసిపీ 2013లో చివరగా ఒప్పుకున్నాయి. సియాటిల్ ఉన్న వాషింగ్టన్ రాష్ట్రంలో ఇబ్బంది లేదు. పైగా యాకిమా లోయ అదే రాష్ట్రంలో ఉంది, అమెరికా హాప్స్‌లో ఎక్కువ భాగం పండేది అక్కడే.

నిజంగా భయపడాల్సింది మీరు ఆఖర్న రాసిన కుక్క గురించి. హాప్స్ కుక్కలకి విషం. తాజావీ, వాడి పారేసినవీ రెండూ. తిన్న కొద్ది గంటల్లో ఒళ్లు విపరీతంగా కాలి, రొప్పుతూ, ప్రాణం మీదికి రావచ్చు. బీరు కాచాక అడుగున మిగిలే పచ్చటి ముద్దకి మాల్టు తీపి అంటుకుని ఉంటుంది కాబట్టి కుక్కలు ఇష్టంగా నాకుతాయి. తోటలో ఎరువుకుప్ప మీద వేయొద్దని, కవర్లో ముడివేసి మూతున్న చెత్తడబ్బాలో పడేయమని ఇవాళే ఫోన్ చేసి చెప్పండి. హాప్స్ వేయకముందు వడకట్టిన మాల్టు పిప్పి వేరు, దాంతో ఆ ప్రమాదం లేదు. మన దగ్గర ఫ్యాక్టరీ పిప్పిని పాల డైరీలవాళ్లు లారీల్లో పట్టుకెళ్లి గేదెలకి పెడతారు. మీ అమ్మాయి ఆ పిప్పిని పల్చగా ఆరబెట్టి గోధుమపిండిలో పావువంతు కలిపి చపాతీలు చేసుకోవచ్చు. తడిగా ఉంచితే మర్నాటికే పులిసిపోతుంది, రెండో రోజుకి బూజు. చేసేది ఆ రోజే చేయాలి. ఒకవేళ కుక్క హాప్స్ తినేసిందని తెలిస్తే లక్షణాలు కనిపించేదాకా చూడొద్దు, వెంటనే పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లమనండి, హాప్స్ ప్యాకెట్ కూడా వెంట పట్టుకెళ్లమనండి.